చేనుకి అగ్గి తెగులు, ఒంటికి తామర: ఒకదాన్నుంచి ఒకటి అంటుతుందా?

మీరు అడిగినవి మూడు. నాన్నగారికి నడుము చుట్టూ, గజ్జల్లో తామర ఆరు నెలలుగా తగ్గుతూ మళ్లీ వస్తోంది, అదే సీజన్‌లో మీ సాంబ మసూరి చేనుకి అగ్గి తెగులు పట్టింది, కాబట్టి చేను నుంచే ఆయనకి అంటిందా? పొలం మందుకీ చర్మం మందుకీ పేరు చివర ‘జోల్’ అనే ఉంది కాబట్టి పొలం మందే నీళ్లలో కలిపి పూస్తే పోతుందని ఊళ్లో ఒకాయన అన్నారు, నిజమేనా? ఆ చేను బియ్యం తినొచ్చా?

రెండోదానికి ముందు జవాబు చెప్తాను, ఆలస్యమైతే ప్రమాదం దానితోనే కాబట్టి. పొలం మందు ఒంటికి పూయొద్దు. ఇప్పటికే పూసి ఉంటే సబ్బు పెట్టి, ధారగా నీళ్లు పోసి కడగండి. మంట, బొబ్బలు ఉంటే ఆ మందు డబ్బా కూడా వెంట పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నేను చర్మ వైద్యుణ్ణి. వరి, మిరప పండించే ప్రాంతంలో చాలా ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, మా ఇంట్లోనూ వ్యవసాయం ఉంది. పురుగుమందుల కొట్టు నుంచి తెచ్చిన డబ్బా మందు గజ్జల్లో పూసుకుని, తోలు ఊడిపోయి వచ్చినవాళ్లను చూశాను. ఆ డబ్బాలో మందు ఒక్కటే ఉండదు, దాన్ని నీళ్లలో కలిసేలా చేసే ద్రావకాలూ ఉంటాయి. చర్మాన్ని కాల్చేది ఎక్కువగా అవే. పైగా గజ్జల్లో చర్మం పల్చన, గోకి గోకి పుండైన చోట మరీ పల్చన. పూసిన మందు తేలిగ్గా ఒంట్లోకి దిగుతుంది.

ఇక మొదటి ప్రశ్న. అగ్గి తెగులు మీ నాన్నగారికి అంటలేదు. దాన్ని కలిగించే ఫంగస్ వరి ఆకు మీద బతకడానికే తయారైంది. మబ్బు పట్టి, రాత్రిళ్లు చల్లగా ఉండి, తెల్లారేసరికి ఆకుల మీద మంచు నిలిచే రోజుల్లో అది చెలరేగుతుంది. 25 నుంచి 28 డిగ్రీల వేడి దానికి హాయి. మన ఒంటి లోపల ఎప్పుడూ 37 డిగ్రీలు. ప్రకృతిలో ఉన్న శిలీంధ్రాల్లో చాలా భాగం ఆ వేడికే ఆగిపోతాయి. మనకు మొక్కల తెగుళ్లు రాకపోవడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. రెండోది మన రోగనిరోధక శక్తి.

అసలు ఎప్పుడూ జరగదా అంటే, అరుదుగా జరిగింది. కోల్‌కతాలో ఒక పెద్దాయన, వయసు 61, వృత్తిరీత్యా మొక్కల శిలీంధ్రాల మీద పరిశోధన చేసేవారు. ఆయనకు గొంతు దగ్గర చీముగడ్డ కట్టింది. పరీక్ష చేస్తే పండ్ల చెట్లకు ‘సిల్వర్ లీఫ్’ తెగులు తెచ్చే ఫంగస్ దొరికింది. 2023లో ఈ కేసు వార్తల్లోకి వచ్చింది. చీము తీసేసి, రెండు నెలలు వొరికొనజోల్ ఇస్తే ఆయన కోలుకున్నారు. ఏళ్ల తరబడి రోజూ కుళ్లిన మొక్కల మధ్య, బూజుల మధ్య పనిచేసిన మనిషి ఆయన. దాన్ని చూసి చేలోకి దిగడానికి భయపడక్కర్లేదు.

తామర ఫంగస్ వేరే జాతి. దాని తిండి కెరాటిన్, అంటే మన చర్మం పై పొర, వెంట్రుక, గోరు తయారయ్యే ప్రొటీన్. ఒంటి లోపలి వేడి దానికీ పడదు, అందుకే పైపైనే ఉంటుంది. అది మనిషి నుంచి మనిషికి, తువ్వాలు నుంచి, లుంగీ నుంచి, పక్కబట్టల నుంచి వస్తుంది. రైతు ఇళ్లలో ఇంకో దారి కూడా ఉంది. గేదె దూడల కళ్ల చుట్టూ, మెడ మీద బూడిదరంగులో పెచ్చు కట్టిన గుండ్రటి మచ్చలు కనిపిస్తే అది కూడా తామరే, పట్టుకున్నవాళ్లకు అంటుతుంది. మీ కొట్టంలో అలాంటి దూడ ఉంటే పశువైద్యుడికి చూపించండి. పొలం పాత్ర ఏమిటంటే చెమట, తడి బట్టలు. నాట్లప్పుడు, మందు కొట్టేటప్పుడు తడిసిన బట్టతో గంటల కొద్దీ ఉంటే గజ్జలు, నడుము, కాలి వేళ్ల సందులు నానిపోతాయి. అక్కడ ఫంగస్‌కి చోటు దొరుకుతుంది.

ఇప్పుడు ఆ ‘జోల్’ సంగతి. మీ ఊరాయన గమనించింది పూర్తిగా తప్పు కాదు. పొడ తెగులుకి కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, మనం తామరకి ఇచ్చే ఇట్రాకొనజోల్, లులికొనజోల్ ఒకే కుటుంబం. ఫంగస్ కణం చుట్టూ ఉండే పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. మన కణాల్లో ఆ చోట కొలెస్టరాల్ ఉంటుంది. ఈ మందులు ఎర్గోస్టెరాల్ తయారవకుండా ఆపుతాయి, పొర చెడి ఫంగస్ ఎదుగుదల ఆగిపోతుంది. కానీ శిలీంధ్రాలు మొక్కల కంటే జంతువులకే దగ్గరి చుట్టాలు. వాటి కణాల్లో జరిగే పనులు చాలావరకు మన కణాల్లోనూ జరుగుతాయి. వాటికి తగిలి మనకు తగలని మందు దొరకడమే కష్టం. మనిషికి ఇచ్చే మందు ఎంత మోతాదులో ఎన్నాళ్లు వాడితే లివర్ తట్టుకుంటుందో మనుషుల మీద పరీక్షించి తేల్చారు. పొలం మందుని ఆ లెక్కతో ఎవరూ తయారుచేయరు.

ఇంకో విషయం. మీరు అగ్గి తెగులుకి వాడిన ట్రైసైక్లజోల్ పేరులో ‘జోల్’ ఉన్నా ఈ కుటుంబంలోది కాదు. అది చేసే పని చూడముచ్చటగా ఉంటుంది. ఆకు మీద పడ్డ అగ్గి తెగులు బీజం మొలకెత్తి, చివర ఒక చిన్న బుడిపె కడుతుంది. ఆ బుడిపె గోడకి లోపల నల్లటి మెలనిన్ పూత పూసుకుంటుంది. ఆ పూత వల్ల లోపలి పీడనం బయటికి కారిపోకుండా పెరుగుతూ పోయి, కారు టైరులో ఉండే గాలి కంటే దాదాపు నలభై రెట్లకు చేరుతుంది. ఆ ఒత్తిడితో సన్నటి మేకు లాంటిది ఆకులోకి దిగుతుంది. ట్రైసైక్లజోల్ ఆ నల్ల పూత తయారవకుండా చేస్తుంది. పూత లేకపోతే పీడనం నిలవదు, పీడనం లేకపోతే ఆకు చిల్లు పడదు. అంటే ఈ మందు ఫంగస్‌ని చంపదు, లోపలికి రానివ్వదు. అందుకే మచ్చలు తొలిగా కనిపించినప్పుడే కొట్టాలంటారు. చేను ఎర్రబడి అగ్గి పెట్టినట్టు అయ్యాక కొట్టి, పనిచేయలేదని మందుని తిట్టి లాభం లేదు. మీ నాన్నగారి తామర మీద పూస్తే మెలనిన్ పూతతో పనే లేని ఫంగస్ కాబట్టి అది ఏమీ చేయదు, చర్మం మాత్రం పాడవుతుంది.

ఆరు నెలలుగా ఎందుకు తగ్గట్లేదు అన్నది ఇప్పుడు చూద్దాం. నా దగ్గరికి వచ్చే ఇలాంటి కేసుల్లో ఎక్కువమంది జేబులో ఒక ట్యూబు ఉంటుంది. మందుల షాపులో ‘దురదకి ఇవ్వండి’ అంటే ఇచ్చినది. నాన్నగారి ట్యూబు తీసి వెనక సన్న అక్షరాలు చదవండి, అవసరమైతే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేరు ఉంటే అది స్టెరాయిడ్. దానితో పాటు ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు, అన్నీ కలిపిన ట్యూబులు చాలా ఉన్నాయి. స్టెరాయిడ్ దురదని రెండు రోజుల్లో ఆపేస్తుంది, మనిషి సంతోషపడతాడు. కానీ అది చర్మం చేసే పోరాటాన్ని కూడా ఆపేస్తుంది. ఫంగస్ నిదానంగా పక్కకి పాకుతుంది. ట్యూబు ఆపగానే ముందు కంటే పెద్దదై లేస్తుంది, మళ్లీ ట్యూబు. ఇలా కొన్ని నెలలు గడిస్తే తామరకి ఉండాల్సిన గుండ్రటి ఎర్ర అంచు చెరిగిపోతుంది, చూసిన డాక్టరుకి కూడా చప్పున పోల్చుకోవడం కష్టమవుతుంది. గజ్జల్లో, తొడల మీద చర్మం పల్చబడి గర్భిణులకి పొట్ట మీద పడేలాంటి చారలు పడతాయి. ఆ చారలు తర్వాత పోవు. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. చీటీ అడిగే షాపులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను. ఇన్ని లక్షల కుటుంబాలు నిద్ర లేకుండా గోక్కోవడానికి ఆ ట్యూబులు పెద్ద కారణం.

ఇంకో కారణం ఫంగస్‌లోనే ఉంది. మన దేశంలో గత పదేళ్లకు పైగా తామర తీరు మారిపోయింది. కొత్త రకం పాకింది, దానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఇదివరకు రెండు వారాల్లో తామరని ఊడ్చేసిన టెర్బినాఫిన్ ఈ రకంలో చాలా వాటి మీద పనిచేయడం లేదు. మందు పట్టుకోవాల్సిన ఎంజైము జన్యువులో మార్పు వచ్చేసింది. అమెరికా, యూరప్ డాక్టర్లు కూడా ఇప్పుడు దీన్ని చూస్తున్నారు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. స్టెరాయిడ్ ట్యూబు మాన్పించండి. ఆపగానే కొన్నాళ్లు దురద, ఎరుపు ఎక్కువవుతాయి, అది ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు. చర్మ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి, కె.ఓ.హెచ్ పరీక్ష చేయించమని అడగండి. మచ్చ అంచు నుంచి పొట్టు గీరి, చుక్క రసాయనం వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు, కొమ్మలు వేసిన దారాల్లా ఫంగస్ కనిపిస్తుంది. ఖర్చు తక్కువ, ఫలితం కాసేపట్లో తెలుస్తుంది. షుగర్ పరీక్ష కూడా చేయించండి, ఆరు నెలలు పీడిస్తున్న తామరలో అది మర్చిపోకూడదు. ఇట్రాకొనజోల్ రాస్తే అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. ఆ క్యాప్సూల్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. మన పెద్దవాళ్లు పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటారు, దానితో ఇట్రాకొనజోల్ సరిగా వంటబట్టదు. మందు పనిచేయట్లేదని వచ్చినవాళ్లని అడిగితే చాలాసార్లు ఇదే బయటపడుతుంది. గుండె బలహీనత ఉందని ఎవరైనా చెప్పి ఉన్నా, కొలెస్టరాల్ మాత్రలు వాడుతున్నా డాక్టరుకి తప్పకుండా చెప్పండి, ఇట్రాకొనజోల్‌తో వాటికి పడదు.

పూతమందు మచ్చ మీదే కాకుండా చుట్టూ రెండు సెంటీమీటర్ల వరకు పూయాలి. మచ్చ కనబడకుండా పోయాక కూడా కనీసం రెండు వారాలు ఆపకూడదు. మొత్తం మీద నెల నుంచి రెండు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి వాడాలి. ఇక మొలతాడు. నడుము చుట్టూ తామర అన్నారు కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నాను, తడిసి ఆరీ ఆరకుండా ఉండే ఆ దారంలో ఫంగస్ కాపురం ఉంటుంది. తగ్గేవరకు తీసేయమనండి. ఆచారం కాబట్టి తీయనంటే పాతది తెంచి, తగ్గాక కొత్తది కట్టుకోమనండి. ఆయన తువ్వాలు, లుంగీ, లోదుస్తులు విడిగా వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి.

మందు సగంలో ఆపేస్తే ఒంటి మీద ఏం జరుగుతుందో చేలో కూడా అదే జరుగుతుంది. చావగా మిగిలినవే పెరుగుతాయి. డీలరు చెప్పాడని మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం, డోసు తగ్గించి రెండుసార్లు కొట్టడం, తెగులు ఏదో తెలియకుండా కొట్టడం మానాలి. ఎండాకు తెగులు బ్యాక్టీరియా వల్ల వస్తుంది, దానికి ఎన్ని ‘జోల్’లు కొట్టినా డబ్బు దండగ. నారుకుళ్లు తెచ్చే పిథియం చూడటానికి బూజులా ఉన్నా అసలు శిలీంధ్రమే కాదు, అది ఎర్గోస్టెరాల్ తయారు చేసుకోదు కాబట్టి హెక్సాకొనజోల్‌కి లొంగదు. నూలు కండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగు, అంచు గోధుమ రంగు ఉన్న మచ్చలైతే అగ్గి తెగులే. లీటరుకి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ గానీ, 1.5 మిల్లీలీటర్ల ఐసోప్రోథయోలేన్ గానీ మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పే మోతాదు. యూరియా ఆపండి. నత్రజని ఎక్కువైతే ఆకు లేతబడి అగ్గి తెగులు ఇంకా రేగుతుంది. సాంబ మసూరి దీనికి తేలిగ్గా లొంగే రకం కాబట్టి, వెన్ను తీసే సమయంలో మెడవిరుపు (అగ్గి తెగులే వెన్ను మెడకి పట్టి అది విరగడం) రాకుండా చేను రోజూ చూస్తూ ఉండండి.

పొలం మందులు మనిషి మందుల్ని పాడుచేసిన ఉదాహరణ ఒకటి ఇప్పటికే ఉంది. యాస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు కుళ్లే ఆకుల్లో, పెంటకుప్పల్లో ఉంటుంది. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకి ప్రాణం మీదికి తెస్తుంది. నెదర్లాండ్స్‌లో ఎప్పుడూ ‘జోల్’ మందు వాడని రోగుల్లో కూడా ఆ మందులకు లొంగని రకం కనబడింది. పంటలకి, పూల దుంపలకి అదే కుటుంబం మందులు విపరీతంగా వాడటం వల్ల మట్టిలోనే అది మొండికేసిందని తేల్చారు. అదే మార్పు ఉన్న రకాన్ని మన దేశంలో కూడా రోగుల్లోనూ మట్టిలోనూ ఢిల్లీ పరిశోధకులు కనుగొని 2012లో ప్రచురించారు.

చేను నుంచి నేరుగా మనిషికి వచ్చే అసలు ప్రమాదం మీరు అడగలేదు, కానీ కోతలు దగ్గరపడుతున్నాయి కాబట్టి చెప్పాలి. అది కన్ను. వరి ఆకు అంచు కోసుకోవడం, నూర్పిడిలో వడ్లగింజో, తాలో, దుమ్మో కంట్లో పడటం. నల్లగుడ్డు మీద గీత పడితే ఫ్యూజేరియం, యాస్పర్‌జిల్లస్ లాంటి పొలం బూజులు అందులో దిగుతాయి. దక్షిణ భారతంలో కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పుండ్లలో ఈ బూజుల వాటా చాలా పెద్దది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఈ కేసుల మీద చాలా పని చేశారు. మొదటి రోజు నలకలా అనిపించి వదిలేస్తారు. నాలుగైదు రోజులకి నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. ఈలోపు ఆకు పసరు పిండుతారు, తల్లిపాలు పోస్తారు, లేదా షాపులో చుక్కల మందు తెస్తారు. ఆ చుక్కల్లో డెక్సామెథసోన్ ఉంటే అది కూడా స్టెరాయిడే, చర్మం మీద నెలల్లో చేసే నష్టాన్ని కంట్లో రోజుల్లో చేస్తుంది. నలక పడితే శుభ్రమైన నీళ్లతో కడగండి, నలపొద్దు. మర్నాటికి ఎరుపు తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికే వెళ్లండి. పుండు గీరి పరీక్ష చేసి, ఫంగస్ అయితే నాటమైసిన్ చుక్కలు మొదలుపెడతారు. ఇక్కడ ‘జోల్’ మందు వెనకబడింది. మదురై అరవింద్ కంటి ఆసుపత్రిలో, అమెరికా వాళ్లతో కలిసి వొరికొనజోల్ చుక్కల్నీ నాటమైసిన్‌నీ పోల్చి చూశారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం నాటమైసినే మెరుగు, ఫ్యూజేరియం మీద మరీను. వారాల తరబడి, మొదట్లో గంటకోసారి వేయాలి. ఆలస్యమైతే పువ్వు పడి చూపు పోతుంది, ఆపైన కార్నియా మార్పిడే దారి. కోత మిషన్ దగ్గర, కళ్లంలో పనిచేసే అందరికీ మామూలు ప్లాస్టిక్ కళ్లద్దాలు కొనివ్వండి.

ఇక బియ్యం. తినొచ్చు. అగ్గి తెగులు వల్ల తాలు పెరుగుతుంది, గింజ సన్నబడుతుంది, దిగుబడి పోతుంది, బియ్యం మాత్రం విషం కావు. చివరి పిచికారికీ కోతకీ మధ్య మందు డబ్బా మీద రాసిన గడువు పాటించండి. నిలవ చేసే ధాన్యం తేమ 14 శాతం లోపు ఉండేలా ఆరబెట్టండి, ఎందుకంటే తిండి ద్వారా హాని చేసే బూజులు గాదెలో, గోనెసంచిలో పుడతాయి. వాటిలో యాస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ ముఖ్యమైనది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, ఉడికించినా వేయించినా ఆ విషం పోదు. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో వానకి తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కామెర్లతో చనిపోయారు. కారణం ఇదేనని వెలికితీసింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. వరి కంటే మొక్కజొన్న, వేరుశనగ, మిరపకాయల్లో దీని భయం ఎక్కువ. మీ ఇంట్లో వేరుశనగ గింజల్లో ముడుచుకుపోయినవి, పసుపుపచ్చ పొడి పట్టినవి, నోట్లో వేస్తే చేదుగా ఉండేవి ఏరి తీసేయండి. వాటిని గానుగకి పంపొద్దు, గేదె దాణాలో కూడా కలపొద్దు, తిన్న పశువు పాలలోకి ఆ విషం మారిన రూపంలో వస్తుంది. మట్టిలో పూడ్చేయడమే సరైన పని.